పంపకం

మెట్ల కింద చీకట్లో
చెక్కపలక మీద నల్లటి మీటరు.
అద్దం వెనక సత్తు చక్రం,
దాని అంచున ఒక ఎర్ర మచ్చ.
ఎటు పోయినా తిరిగి తిరిగి
మా ముందుకే వచ్చేది.

సంగడిగుంటలో నాలుగు వాటాల ఇల్లు.
నాలుగు వాటాలకీ అదొక్కటే.
పలక వెనక బల్లి గుడ్లు పెట్టేది.
పలక పక్కన గోడ మీద నేను లెక్కలు రాసేదాన్ని
బట్టల మీద గీతలు గీసే సుద్దతోనే.
టేపు మెడలో వేసుకు తిరిగేదాన్ని,
కొలతలు తెలిసినదాన్నని
పంపకం నాకప్పగించారు పున్నారావు గారు.

మస్తాన్‌బీ నూట పది.
ఆటో సాంబయ్య తొంభై,
ఫ్యానుకి ఒక రెక్క లేదు కాబట్టి.
దీవెనమ్మ రెండొందలు.
నేను నూట పది. ఒంటి మనిషిని, నాకెంతవుద్ది?

దీవెనమ్మ యార్డులో మిరపకాయల తొడాలు తీసేది.
సాయంత్రం ఆమె చీర కంటే ముందు
ఘాటు గుమ్మంలోకొచ్చేది.
కొడుకు నోయేలుకి ఉబ్బసం.
ముసురు పట్టిన రాత్రుల్లో
ఆవిరి మిషను గుర్రుమంటుంటే
నేను లేచి, టార్చి వేసి,
పిల్లాణ్ణి కాదు, చక్రాన్ని చూసొచ్చేదాన్ని.
“ఎట్టా పరిగెడుతుందో చూశారా” అని
తెల్లారి కుళాయి కాడ చెప్పేదాన్ని.

ఒక నెల ఆమె వాటాకి
ఇంకో పద్దెనిమిది రూపాయలు కలిపాను.
తర్వాత నెల తీసేయడం మర్చిపోయాను.
మర్చిపోయానా?
ఆమె ఏం అనలేదు. నాణేలు లెక్కపెట్టి నా చేతిలో పోసింది.
ఆ చేత్తో కళ్ళు నులుముకుంటే
పొద్దు గూకేదాకా మండాయి.
అప్పట్నుంచి మాటల్లేవు. రెండు చలికాలాలు.

మొన్న ఆషాఢంలో స్మార్టు మీటర్లన్నారు.
బిల్లు రెండింతలవుద్దంట,
మనం ఎప్పుడు పడుకుంటామో దానికి తెలుస్తుందంట,
సాంబయ్య రోజుకో కబురు మోసుకొచ్చాడు.
“తెలిస్తే తెలిసింది,
నిద్రపట్టే మందేదన్నా చెబుతుందేమో అడుగు”
అంది మస్తాన్‌బీ.

ఇద్దరు కుర్రాళ్ళొచ్చి పలక ఊడదీశారు.
బల్లి గుడ్డు ఒకటి రాలి పగిలింది.
గోడ మీద పలకంత మేర
ఎప్పటిదో నీలం సున్నం, నిన్న వేసినట్టు.
పాత మీటరుని గోనెసంచిలో పడేస్తే
ఆ కుదుపుకి చక్రం ఒక్క చుట్టు తిరిగింది,
కరెంటు లేకుండానే,
ఎవరి ఖాతాలో అని.

ఇప్పుడు వరసగా నాలుగు తెల్ల డబ్బాలు.
నాలుగు ఎర్ర చుక్కలు.

మొదటి నెల చీటీలొచ్చాయి.
మస్తాన్‌బీ ముప్పై ఒక్క యూనిట్లు.
దీవెనమ్మ అరవై నాలుగు.
నాది రెండొందల పన్నెండు.
డబ్బాలు మారిపోయాయని కుర్రాడి మీద అరిచాను.
“అన్నీ ఆపండమ్మా” అన్నాడు.
కుట్టు మోటారు ఆపాను, ఇస్త్రీపెట్టె తీశాను,
ఫ్యాను, టీవీ, లైటు.
నా చుక్క కొట్టుకుంటూనే ఉంది.
చీకట్లో వంటింట్లోంచి మూలిగింది ఫ్రిజ్జు.
పట్నంబజారులో సెకండ్‌హ్యాండుకి కొన్నది.
తలుపు రబ్బరు ఊడి, సరిగ్గా మూతపడక
పన్నెండేళ్ళుగా
గుంటూరు ఎండనంతా చల్లబరుస్తోంది.
లోపల అరచెక్క నిమ్మకాయ,
గిన్నెడు పెరుగు, రెండు మూరల మల్లెలు.

గోడ మీది లెక్కలు చెరపడానికి తడిగుడ్డ తెచ్చి
తుడవలేక వెనక్కొచ్చాను.

రాత్రి వాన.
మెట్ల కింద మూడో చుక్క గబగబా కొట్టుకుంటోంది.
వాడి ఊపిరిలాగా అనను, దానికంత తెలీదు.
మిషను ఆడుతోందని మాత్రమే చెబుతుంది.
మిగతాది నాకు తెలుసు.

పద్దెనిమిది చొప్పున ఎన్ని నెలలో
వేళ్ళ మీద మొదలెట్టి, మధ్యలో ఓడిపోయి,
చీరల ఫాల్సు డబ్బులు ఉన్నవన్నీ గుప్పిట్లో పట్టుకుని
తలుపు కొట్టాను.

“ఎవరూ?”

“నేనే.
లెక్క తప్పింది.”